బహ్రెయిన్‌లో చెల్లితో కలిసి ఇంగ్లీషు క్లాసుకు

యాభై నాలుగేళ్ళ వయసులో ఇంగ్లీషు నేర్చుకోవడానికి బహ్రెయిన్ వెళ్ళాను. అవసరం నాది కాదు, మా ఆఖరి చెల్లెలు కరుణది. తను తొమ్మిదేళ్ళుగా సీఫ్ అనే చోట ఒక మాల్‌లో క్లీనింగ్ పని చేస్తోంది. మోకాళ్ళు అరిగిపోయాయి. సూపర్‌వైజర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది, అది వస్తే వంగి తుడిచే పని ఉండదు. కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో చేస్తామన్నారు. "ఒక్కదాన్నే క్లాసుకి వెళ్ళలేనక్కా, నువ్వుంటే వెళ్తాను" అంది ఫోన్‌లో. కాకినాడలో నా కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, ప్రార్థన చేసుకుని బయల్దేరాను. హైదరాబాదు నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగున్నర గంటల ప్రయాణం. నెల రోజుల విజిట్ వీసా ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం.

కరుణ గది రాజధాని మనామాలో, గుదైబియా అనే పేటలో ఉంది. తను వెళ్ళే తెలుగు క్రైస్తవ సహవాసంలోని మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఉంటుంది. నవంబరు కాబట్టి ఎండ కూడా హాయిగానే ఉంది. క్లాసు రెండు వీధుల అవతల, ఒక లాండ్రీ పై అంతస్తులో. నెలకు నలభై దినార్లు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా చెబుతారు. కరుణ డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి కాబట్టి ఇబ్బంది లేదు. దారిలో కెఫెటేరియాలో వంద ఫిల్సులకు, అంటే దినారులో పదో వంతుకు, చాయ్ దొరుకుతుంది.

టీచర్ మరియం గారు బహ్రెయిన్ మనిషే, ఇంచుమించు నా ఈడు. మొదటిరోజు కరుణను పేరడిగారు. నేను చెప్పాను. ఏం పని చేస్తావన్నారు. అదీ నేనే చెప్పాను. అమ్మ పోయేనాటికి కరుణకు మూడేళ్ళు. బళ్ళోనూ, ఆసుపత్రిలోనూ తన తరఫున నేనే మాట్లాడేదాన్ని. మా ఇళ్ళల్లో పిల్లను ఏదైనా అడిగితే పెద్దవాళ్ళు చెప్పడం మామూలే. పిల్లకు నలభై నాలుగేళ్ళు వచ్చిన సంగతి నాకు తట్టలేదు.

మూడోరోజు మరియం గారు, "ఉద్యోగం మీకా, ఆమెకా?" అని హిందీలో అడిగి, బల్ల మీది డబ్బాలోంచి ఒక ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టారు. "బుగ్గలో పెట్టుకోండి. మీ చెల్లెలు మాట్లాడడం అయ్యేదాకా నమలొద్దు."

క్లాసంతా నవ్వింది. కరుణ నవ్వలేదు. కంగారుగా లేచి నిలబడి, "మేడం, నో స్వీట్! సిస్టర్ షుగర్" అంది. ఎవరూ అందించకుండా తను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. మర్నాటి నుంచి ఖర్జూరం బదులు నాకు బాదంపప్పు ఇచ్చారు.

నాలుగో వారం గురువారం, ఒంటిగంటకు ఇంటర్వ్యూ. తెల్లవారుజామున ఐదింటికే లేచి ఇద్దరం ప్రార్థించుకున్నాం. మామూలుగా అయితే బస్సులో మనామా బస్టాండుకు వెళ్ళి అక్కడ సీఫ్ బస్సు మారాలి, మనిషికి ఎక్కినప్పుడల్లా మూడు వందల ఫిల్సులు, దాదాపు గంట పడుతుంది. ఆరోజు ఆలస్యమవుతుందని కరుణకు తెలిసిన డ్రైవరు రాజన్న కారులో వెళ్ళాం. మూడు దినార్లు, ఇరవై నిమిషాలు. రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె, అటువైపు గల్ఫ్‌లో ఏ దేశాన్నైనా దుబాయి అనే అంటారు.

"ఇంగ్లీషు నేర్సుకునేతందుకు దుబాయి దాకా వచ్చినవా అక్కా? ఈడ హిందీ వస్తే సాలు గదా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే కరుణ, "తుడవడానికైతే చాలన్నయ్యా" అంది.

"గట్లనే జెప్పు చెల్లె, ఆడ గూడ" అని అతను అద్దంలో చూసి నవ్వాడు.

ఆఫీసు మాల్ వెనక నడవాలో ఉంది. తలుపు తీసే ఉంచారు. నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మొదటి ప్రశ్నలకు కరుణ మెల్లగా జవాబు చెప్పింది. అప్పుడు మేనేజరు, "పనిలో నీకు బాగా కష్టమైన రోజు ఏది?" అని అడిగారు. కరుణ తల తిప్పి నావైపు చూసింది. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. కానీ నాకు ఆ జవాబు తెలియదు. తల దించుకుని కళ్ళు మూసుకున్నాను.

కరుణ గొంతు వినిపించింది. ముక్కలు ముక్కలుగా, కాని స్పష్టంగా. ఒకరోజు తడి నేల మీద జారిపడిందట. మణికట్టు వాచిపోతే రెండు వారాలు ఎడమచేత్తో తుడిచిందట. "నేల తడిగా ఉందనే బోర్డు పెట్టడం మర్చిపోయింది నేనే. ఇప్పుడు ఎవరు తుడిచినా, ముందు బోర్డు. తర్వాతే నీళ్ళు."

"ఖలాస్, ఇంక ఖాయం. ఆదివారం నుంచి సూపర్‌వైజర్‌వి" అన్నారాయన.

బయట బెంచీ మీద ఎండలో కూర్చున్నాక అడిగాను. "చెయ్యి వాచిన సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఎక్కడ చెప్పనిచ్చావక్కా? ఫోన్ చేస్తే, బాగానే ఉన్నావు కదా, తిన్నావు కదా అంటావు. ఊ అనడం తప్ప నాకేం మిగిల్చావు?" కోపంగా కాదు, నా సంచీ తన ఒళ్ళోకి తీసుకుంటూ అంది.

"ఎలా ఉన్నావు, కరుణా?" అన్నాను. తను ఆలోచించింది. నేను కల్పించుకోలేదు.

"మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. భయం పోయింది. ఇంత దూరం నా కోసం వచ్చావని ఏడుపొస్తోంది" అంది.

మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు కాబట్టి చర్చిలో ఆరాధన ఆ రోజే. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి కరుణ లేచింది, నేను కూర్చునే ఉన్నాను. ప్రార్థనలో కూడా నేనే అంతా చెప్పేసి ఆమెన్ అనేసే మనిషిని. ఆరోజు ఆమెన్‌కు ముందు కొంచెం ఆగాను. చెల్లెలికి సాయపడాలని సముద్రం దాటి వెళ్ళిన నేను, తను తొమ్మిదేళ్ళు ఎలా బతికిందో ఆ నడవాలో, నాకు సగమే వచ్చిన భాషలో విన్నాను. నాకు ఇంగ్లీషు పెద్దగా రాలేదు. దానికి చింత లేదు.

ఇలా చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. అక్కచెల్లెళ్ళో, తల్లీకూతుళ్ళో కలిసి వెళ్తే ఒకే బ్యాచ్‌లో చేరకండి. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం చేరండి. ఫీజులో తేడా ఉండదు.