రేడియో లైసెన్సున్న బ్రోకరు

ఈ రోజు తెనాలిలో మేం కొంటున్న ఇంటిస్థలం రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. తన లైసెన్సుకి పటం కట్టి గోడకి తగిలించుకున్న దస్తావేజు లేఖరి హద్దులు చదివాడు: "తూర్పున మురుగు కాలవ." బ్రోకరు మాకు చూపించిన స్థలానికి తూర్పున రోడ్డుంది!

"రాసేవాళ్లకి లైసెన్సుందిగా, అమ్మించే మీకు లేదేంటి అన్నయ్యగారూ?" అని మా ఆవిడ బ్రోకర్ని నిలదీసింది.

"ఎందుకు లేదమ్మా!" అంటూ ఆయన జేబులోంచి ఓ చిన్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. పోస్టాఫీసు వాళ్లిచ్చిన లైసెన్సు.

"ఇది మీ ఇంట్లో రేడియో పెట్టుకున్నందుకు ఇచ్చిందండీ!" అన్నాను.

"మాట్లాడేదానికేగదండీ ఇచ్చారు. నేను చేసేదీ అదేగా!"

సైకిలుకి కూడా మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ల ఉండాల్సిన ఊళ్లో, స్థలాలు అమ్మించేవాడికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదట. రేడియో అయితే చెవి మెలిపెడితే నోరు మూస్తుంది. ఈయన్ని ఆపే మీట ఎక్కడుందో తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. రేపు బాపట్లలో ఇంకో స్థలం చూపిస్తానన్నాడు.