ఆయుధ పూజ మర్నాడు బ్రేకు పట్టలేదు

ఆయుధ పూజ మర్నాడు మా మోపెడ్‌కు వెనక బ్రేకు పట్టలేదు. మెకానిక్కు రెండుసార్లు నట్టు బిగించినా అంతే. "ఆడపిల్ల వాలులో పడితే ఎవురికి సెప్పుకునేది? ఈ వారమే అమ్మేస్తా," అన్నాడు నాయన. మా ఊరికి పొద్దున బస్సు లేదు. ఆ బండి పోతే చిత్తూరులో నా కాలేజీ చదువు ఆగిపోతుంది.

ఎదురు చెప్పే ధైర్యం లేక, బండితో వచ్చిన పుస్తకం తీసి చదివాను. బ్రేకు లోపలికి నూనె చేరకూడదని అందులో ఉంది. పూజకు కొడవళ్లకీ పారలకీ నూనె రాసింది మా అన్నే. వెళ్లి అడిగాను.

"బండికి గూడా పెట్టినాను. బ్రేకు సందులో ఇంకా రవ్వంత పోసినాను. పూజంటే మాటలా?" అన్నాడు గొప్పగా.

పెరట్లో చక్రం విప్పాను. బ్రేకు లైనింగులు వేరుశనగ నూనెతో జిడ్డోడుతున్నాయి. పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, ఉప్పు కాగితంతో గరుకుగా రుద్ది మళ్లీ బిగించాను.

నాయన చూస్తుండగా మామిడితోట వాలులో దిగుతూ బ్రేకు నొక్కాను. బండి ఉన్నచోటే నిలబడిపోయింది.

"అమ్మేది లేదులే అమ్మణ్ణీ. ఆ పుస్తకం మెకానిక్కుకు గూడా సదివి వినిపించు," అన్నాడు నాయన.

సోమవారం కాలేజీకి బండి నేనే తోలుకుపోయాను. చిత్తూరులో పనుందని అన్న వెనక కూర్చున్నాడు.