స్పీకరులో ఆయన ఊపిరి

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అంతకుముందు ఎవరిచేతనైనా రాయించి ఉండొచ్చు. కానీ నేనాడిన అబద్ధాన్ని ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలంటే సిగ్గేసింది.

మా ఆయన నరసాపురం రేవులో పడవ నడిపేవారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను "ఇదుగో" అనే పిలిచారు. రేవు వైపు నుంచి ఆ కేక వినపడితే అల్లుతున్న లేసు పక్కన పెట్టి ఎసరు పెట్టేదాన్ని. ఆ కేక పోయాక ఏ వేళకి ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చిందని విని తీసుకెళ్ళాం. మనిషిని పెద్ద గొట్టంలో పడుకోబెట్టి, తలుపు బిగించి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పిస్తారు.

"మెదడులో సొమ్మసిల్లిన భాగం ఏమైనా ఉంటే తేరుకోవచ్చమ్మా. మాట వస్తుందని మాత్రం చెప్పలేను" అన్నారు డాక్టరు గారు. నేను మొదటి మాటే పట్టుకున్నాను.

రోజూ గంటపైన. గాజు కిటికీలోంచి ఆయన మొహం కనిపించేది. బయట ఒక మైకు, స్పీకరు. నేను మైకులో ఊరి కబుర్లు చెప్పేదాన్ని. స్పీకరులో ఆయన ఊపిరి వినపడేది. ఇంట్లో పక్కన పడుకున్నప్పుడు కూడా అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

లోపలికి పంపేముందు యంత్రం చూసే అతను రోజూ అడిగేవాడు. "నూలు బట్టలేనా? ఒంటికి నూనె ఏమీ రాయలేదు కదండీ?" ఆక్సిజన్ ఉన్నచోట నూనె ఇట్టే అంటుకుంటుందని మొదటిరోజే చెప్పాడు.

"లేదండీ" అనేదాన్ని.

మేము దిగింది మా ఆడపడుచు ఇంట్లో. "గాలి పీలిస్తే చెయ్యి లేస్తుందా వదినా? నాలుగు రోజులు మర్దనా మానేస్తే కొంకర్లు పోయి కట్టెలా అయిపోద్ది. మా అన్నయ్యని నువ్వే పాడుచేసుకుంటావా?" అనేది. మావైపు పక్షవాతం వస్తే ఆకులేసి కాచిన నూనెతో మర్దనా చెయ్యని ఇల్లు లేదు. అందుకని పొద్దున్నే మర్దనా చేసి, శనగపిండితో రుద్ది కడిగేసి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ నిప్పెక్కడుంది, అంటుకోవడానికి, అనుకునేదాన్ని.

పన్నెండో రోజు ఊపిరితోపాటు "ఇ..." అని వినపడింది. యంత్రం చూసే అతను కూడా విన్నాడు. "మిమ్మల్నేనండీ పిలుస్తున్నారు!" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే ఆడపడుచు చేతులు తిప్పింది. "చూశావా నా నూనె! ఆ డబ్బాలో పడుకోబెడితే వచ్చిందనుకుంటున్నావేమో!"

మర్నాడు ఇంకో గరిటెడు నూనె ఎక్కువ పోసి రుద్దాను. ఆసుపత్రిలో అతను ఆయన చెయ్యి పట్టుకుని, ఆగిపోయి, తన వేళ్ళు వాసన చూసుకున్నాడు.

"ఏంటండీ ఇది? ఎన్నాళ్ళనుంచి?"

నేను కొంగుతో ఆయన చెయ్యి తుడవబోయాను.

"లోపల ఆయన అంటుకుంటే మీరు ఈ కిటికీలోంచి చూస్తూ నుంచోవాలండి. ఒత్తిడి దిగేదాకా తలుపు తియ్యడానిక్కూడా ఉండదు."

ఆరోజు లోపలికి పంపలేదు. రిక్షాలో తిరిగొస్తుంటే ఆయన ఎడమచెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆ ఒక్క శబ్దం నూనెవల్ల వచ్చిందో గాలివల్ల వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తరవాత ఆయన బతికిన మూడేళ్ళలో పిలుపు పూర్తి కాలేదు. ఆరోజు అది తెలియదు కదా. నూనె వదిలితే చెయ్యి పోతుందేమో, యంత్రం వదిలితే గొంతు పోతుందేమో. నాకు గొంతే కావాలనిపించింది.

మర్నాడు పొద్దున్న ఆడపడుచు నూనె వేడిచేసి తెచ్చింది. "వద్దమ్మా" అన్నాను. కుంకుడురసంతో రెండుసార్లు స్నానం చేయించి, ఉతికిన చొక్కా తొడిగి, ఆసుపత్రిలో యంత్రం గది తాళం తియ్యకముందే తీసుకెళ్ళి కూర్చున్నాను. అతను రాగానే, అడక్కముందే చెప్పాను.

"నిన్నటిదాకా రోజూ రాశానండి. ఇవాళ రాయలేదు."

అతను ఆయన రెండు చేతులూ, మెడా వాసన చూశాడు. లోపల పడుకోబెట్టి తలుపు బిగించాడు. నేను స్టూలు మైకు దగ్గరకి లాక్కున్నాను.