బావ ఫోన్ నుంచి పంతొమ్మిది సెకన్లు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా వచ్చి ఏదో వింత జరిగిందంటే, మళ్ళీ జరిపించి చూపించమంటాను. చూపించలేకపోతే ఆ విషయం అక్కడితో మూసేస్తాను. ఇప్పుడు చెప్పబోయేదాన్ని నేనే మళ్ళీ జరిపించి చూపించలేను. అందుకే మూడేళ్ళుగా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

మా అక్కావాళ్ళు అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. వాళ్ళింటికి పది నిమిషాల దూరంలో నా అపార్ట్‌మెంట్. మా బావ శ్రీహరిది రాజమండ్రి. పుస్తెలమ్మయినా పులస తినాలనే ప్రాంతం నుంచి వచ్చినవాడికి చేపల పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం. ఇక్కడ బ్రౌన్ ట్రౌట్ అనే చేప వెంట పడ్డాడు. పాత అల్యూమినియం బోటు ఒకటి కొని నన్నూ ఆ పిచ్చిలోకి లాగాడు. ఆయనకి ఈత మాత్రం రాదు. గోదావరి ఒడ్డున పుట్టి అదేం విడ్డూరమని అడిగితే నవ్వేసేవాడు.

అక్కకి నీళ్ళంటే భయం. ఒకసారి గాలికి బోటు ఒరిగిందని బావ నోరు జారాడు. ఆ రోజే పిల్లల మీద ఒట్టు వేయించుకుని బోటు అమ్మెయ్యమంది. బావ సరేనన్నాడు, అమ్మలేదు. ఊరవతల ఒక ఫ్రెండ్ ఇంటి వెనక టార్పాలిన్ కప్పి దాచాడు. ఆ దొంగతనంలో నాకూ వాటా ఉంది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అది జూన్ నెల, శనివారం. ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్ ఉంది, ఇద్దరం వెళ్ళాలని ముందురోజే అక్కకి చెప్పాం. మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. రిలీజ్ అంటే మన ఇళ్ళలో ఇక ఎదురు ప్రశ్న ఉండదు. ఒక్కటే చిక్కు. వాళ్ళ ఇంట్లో ఎవరి ఫోన్ ఎక్కడుందో మిగతావాళ్ళకి మ్యాప్‌లో కనిపిస్తుంది. అందుకని బావ సందు మలుపు తిరగ్గానే ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి కార్ డాష్‌బోర్డ్ అరలో పడేశాడు. నా ఫోన్ ఆ మ్యాప్‌లో లేదు. అంటే ఆ ఉదయం మేమిద్దరం ఎక్కడున్నామో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

మేం వెళ్ళింది న్యూజెర్సీ ఉత్తరాన, కొండల మధ్య ఉన్న ఒక రిజర్వాయర్‌కి. పాత లోయని ముంచి కట్టింది. నడిమధ్యలో నూట యాభై అడుగుల లోతు ఉంటుంది. ముంచినప్పుడు నరకని చెట్లు కొన్ని అడుగున ఇంకా నిలబడే ఉన్నాయని అక్కడివాళ్ళు చెబుతారు. మేం బోటు దించేసరికి నీళ్ళ మీద పొగమంచు పేరుకుని ఉంది. అవతలి ఒడ్డు కనిపించలేదు. మరో బోటు చప్పుడు కూడా లేదు.

ఎండాకాలంలో బ్రౌన్ ట్రౌట్ పైన ఉండదు. పైనీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. కిందికి వెళ్ళేకొద్దీ ఒకచోట ఉన్నట్టుండి చల్లబడతాయి. ఆ చల్లటి పొర దగ్గరే అది తిరుగుతుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే అసలు పని. బోటు అంచున చిన్న చక్రం, దానికి స్టీలు తీగ, తీగ చివర ఐదు కిలోల సీసపు గుండు. గుండుకి థర్మామీటర్ కట్టి దించుతాం. సరైన లోతు తెలిశాక గాలం దారాన్ని ఆ తీగకి క్లిప్పుతో తగిలించి, నడక వేగంతో బోటుని వంకర్లు తిప్పుతూ పోతాం. చేప ఎరని లాగితే క్లిప్పు ఊడి గాలం కర్ర పైకి లేస్తుంది.

బావ గుండు దించడం, నేను లోతూ చల్లదనమూ టైమూ నోట్ చేసుకోవడం. టెస్టింగ్ బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చివరి లైను ఇది: 6:48, యాభై అయిదు అడుగులు, చల్లటి నీళ్ళు దొరికాయి.

ఆ లైను రాసి రెండు నిమిషాలు కాలేదు, నా ఫోన్ మోగింది. అక్క. అక్కడ సిగ్నల్ ఉండటమే అరుదు. ఎత్తకపోతే అనుమానం వస్తుందని ఎత్తాను.

"రవీ, ఎక్కడున్నార్రా మీరు?"

ఆఫీసులోనే అన్నాను.

"ఇప్పుడే మీ బావ ఫోన్ చేశారు. కింద నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి అన్నారు. ఏం నీళ్ళురా?"

బావ నాకు మూడడుగుల దూరంలో క్లిప్పు సర్దుకుంటున్నాడు. చేతిలో ఫోన్ లేదు. ఫోన్ కార్లో ఉంది, కారు ఒడ్డున ఉంది. నేనేదో అనేలోగా లైన్ కట్టయింది. మళ్ళీ కలవలేదు.

బావకి చెబితే ఆయన భయం వేరేగా ఉంది. దొరికిపోయామన్నదొక్కటే ఆయన బాధ. ఎలాగూ తిట్లు తప్పవు కదా, ఒక్క రౌండు వేసి వెళ్ళిపోదామన్నాడు. లైఫ్ జాకెట్ వేసుకోమన్నాను. మేమెప్పుడూ వేసుకునేవాళ్ళం కాదు. బోటులో ఉండాలన్నది రూలు కాబట్టి ఉండేవి. బావ దాన్ని మడిచి మెత్త చేసుకుని కూర్చునేవాడు. ఆ రోజు నేను అరిచినంత పని చేస్తే, నా నోరు మూయించడానికి వేసుకుని బకిల్స్ పెట్టుకున్నాడు. నేను మాత్రం వేసుకోలేదు.

పావుగంట తర్వాత గుండు అడుగున దేనికో చిక్కుకుంది. చెట్టే అయ్యుండాలి. అలాంటప్పుడు తీగని కోసెయ్యాలి. బావకి కొత్త గుండు పోతుందని ప్రాణం ఒప్పలేదు. గ్లవ్ తొడిగిన చేతికి తీగని రెండు చుట్లు చుట్టుకుని లాగాడు. అప్పుడే గాలి బోటుని పక్కకి నెట్టింది. తీగ బిగుసుకుంది. అరుపు లేదు, ఏమీ లేదు. బావ అంచు మీదుగా జారి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.

తీగ నిటారుగా కిందికి దిగి ఉంది. దాని చుట్టూ నీళ్ళు కదలడం ఆగిపోయింది. నేను బూట్లు విప్పేసి బోటు అంచు మీద కాలు పెట్టాను. నాకొచ్చింది స్విమ్మింగ్ పూల్ ఈత. నా జాకెట్ ముందు వైపు ఎక్కడో పడి ఉంది, దాని గురించి ఆలోచనే రాలేదు. దూకబోతుండగా బోటుకి అవతలి పక్కన నారింజ రంగు జాకెట్ పైకి తేలింది. బావ ముఖం నీలంగా ఉంది. చేతికి గ్లవ్ లేదు. అది ఊడిపోయి తీగతో పాటు కిందే ఉండిపోయింది. జాకెట్ లేకపోతే ఆయన పైకి వచ్చేవాడు కాదు.

ఆయన్ని బోటులోకి లాగి, నీళ్ళు కక్కించి, ఒడ్డుకి చేరాక డాష్‌బోర్డ్ అర తెరిచాను. ఫోన్ ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేసి చూస్తే ఆ ఉదయం వెళ్ళిన కాల్ ఒక్కటీ లేదు. ఇంటికి వెళ్ళి అక్క ఫోన్ చూశాను. బావ పేరు, బావ ఫోటో. 6:48. పంతొమ్మిది సెకన్లు. ఫోన్ కంపెనీవాళ్ళని అడిగితే తమ దగ్గర అలాంటి కాల్ ఏదీ కనిపించడం లేదన్నారు. ఎవరో మోసగాళ్ళు ఆ నంబరు వాడుకుని ఉంటారనుకున్నాను. కానీ గొంతు? పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు అక్క పోల్చుకోలేదా?

అక్క మమ్మల్ని తిట్టలేదు. ఆ రాత్రి బావ మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. బోటు మాత్రం వారం లోపే అమ్ముడుపోయింది.

గత నెల నా పెళ్ళి కుదిరింది. చీరలు చూపిస్తానని అక్క ఇంటికి పిలిచింది. బావ పిల్లల్ని క్లాసుకి తీసుకెళ్ళాడు. అక్క చీరలు మడతపెడుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఆ రోజు ఫోన్‌లో మీ బావ ఇంకో మాట కూడా అన్నారు. నీకు చెప్పలేదు."

ఏమన్నాడని అడిగాను.

"'కంగారుపడకు, రవి కూడా వచ్చేశాడు, నా పక్కనే ఉన్నాడు' అన్నారు. మీరిద్దరూ కలిసే వెళ్ళారు కదా, వచ్చేశాడు అనడమేంటని నాకప్పుడు అర్థం కాలేదు."

బావ కోసం దూకడానికి నేను బోటు అంచు మీద కాలు పెట్టిన సంగతి ఆ రోజు బావకి తెలియదు, అక్కకి తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. పంతొమ్మిది సెకన్లు అక్కతో మాట్లాడింది ఎవరో, ఎక్కడి నుంచో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.