జీవమ్మ మేడం కూరల లెక్క

జీవమ్మ మేడంకు ఒకటే పిచ్చి. కంటబడిన నంబర్లన్నిటినీ పదమూడుతో భాగిస్తుంది. శేషాల మధ్య తేడా ఒకటో, మూడో, నాలుగో అయితే గీత గీసి కలుపుతుంది. పన్నెండు తర్వాత గడియారంలా మళ్ళీ సున్నా. ఆ గీతల్లో ఒకరితో ఒకరు కలిసిన ముగ్గురు ఎన్ని జట్లో లెక్కపెట్టడం ఆవిడకు అన్నం కంటే ముఖ్యం.

కడపలో ఆడపిల్లల కాలేజీలో ఆవిడ లెక్కలు చెబుతుంది. పక్క కుర్చీలో కెమిస్ట్రీ చెప్పే భువన నరకం అనుభవిస్తుంది. ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి ఇద్దరూ బస్సెక్కితే, సీటు నంబర్లు భాగించడం ముగిసేసరికి ఒంటిమిట్ట దాటిపోయి రాజంపేట వచ్చింది.

"దేవుని పెండ్లి అయిపోయుంటాది మేడం!" భువన పండ్లు కొరికింది.

"ఇరవయ్యారు ముగ్గుర్లు ఉండాయి భువనా. నలుగురి జట్టు మటుకు ఒక్కటీ లేదు. ఎంత ముచ్చటగా ఉండాదో చూడు!"

ఈ ఏడు ఫైనలియర్ పిల్ల శివకుమారి స్టాఫ్ రూంకి వచ్చి టీసీ అడిగింది. ఆదోని దిక్కు పిల్ల, మేనత్త ఇంట్లో ఉండి చదువుతోంది. క్లాసులో నలుగురు పెద్దిళ్ళ పిల్లలు ఆమె కులం ఆరా తీశారు. ఆ రోజు నుంచి ఆమె కూర ఎవరూ ముట్టరు. మిగతావాళ్ళు ఆ నలుగురి వెంట. పిల్ల ఒంటరిగా మెట్ల మీద తింటోంది.

"నీ రోల్ నంబరెంత?" అంది జీవమ్మ.

శివకుమారి కండ్లు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. భువన మండిపడింది. "పిల్ల చదువు మానేస్తానంటే నంబరు అడుగుతాండావే! మనిషివేనా మేడం?"

మరునాడు శివకుమారి వాళ్ళ లెక్కల క్లాసులో పదమూడుమందికీ కొత్త హోంవర్కు. రోల్ నంబర్ల మధ్య గీత కలిసినవాళ్ళు నెలంతా కూర పంచుకోవాలి. ఒక్కొక్కరికి ఆరుగురు. వచ్చే నెల మిగిలిన ఆరుగురు. తప్పితే ఇంటర్నల్ మార్కులు సున్నా.

"అన్నం గిన్నెలూ వదలవా?" భువన తల పట్టుకుంది.

వారానికి ఆ నలుగురూ మూతులు ముడుచుకుని వచ్చారు. "నంబర్లు ఎట్ల తిప్పినా మేం నలుగురం ఒకచోట కుదరడంల్యా మేడం."

"కుదరదు. నేనేం చేసేది? లెక్క ఒప్పుకోదు."

వాళ్ళు వెళ్ళాక భువన ఆవిడను ఎగాదిగా చూసింది. "తెలిసే ఈ లెక్క పెట్టినావా? ఈ కులం పిచ్చేందని ఆ నలుగుర్నీ మొహం మీదే అడగొచ్చు గదా!"

"అడిగితే అందరూ ఆ పిల్లనే చూస్తారు. సిగ్గుపడాల్సింది వాళ్ళయితే, తలొంచుకునేది ఆమె. లెక్కనయితే ఎంతయినా తిట్టుకోనీ."



నెల తిరక్కముందే శివకుమారి మళ్ళీ విసురుగా వచ్చింది. టీసీ కోసమేననుకుంది భువన.

"చూడండి మేడం! నేను తెచ్చిన పుంటికూరంతా ఆ పెద్దిళ్ళోళ్ళే ఊడ్చేసినారు. నాకు రొట్టెలోకి ఒక్క ముద్దన్నా పెట్టల్యా!"

జీవమ్మ కాగితం వెతకబోయింది. భువన ఆవిడ చేతిలో పెన్ను లాక్కుంది.

"దీనికి లెక్కేం వద్దు. రేపట్నుంచి పెద్ద గిన్నె తెచ్చుకో పిల్లా!"