బస్రా సాలోళ్లవ్వ

ఆర్మూర్‌లో దుబాయ్ అంటే ఊరు కాదు, దిక్కు. మస్కట్ పోయినవాడూ దుబాయ్ పోయినట్టే, కువైట్ పోయినవాడూ దుబాయ్ పోయినట్టే. ఎర్రన్న మేస్త్రీ బస్రాకు పోతే కూడా వాడకట్టంతా దుబాయ్ పోయిండనే అన్నది. అతని భార్య ఎస్తేరమ్మ ఒక్కతే ప్రతివాళ్లనూ నిలేసి దిద్దేది: "దుబాయ్ కాదు, ఇరాక్!"

కరుణ అంటే మెత్తటి గొంతు అనుకునేవాళ్లు ఎస్తేరమ్మను నల్లా దగ్గర చూసి ఉండరు. బిందె వంతు తప్పితే పక్కింటి నీలవ్వను ఏడు తరాలతో కలిపి తిట్టేది. పసుపు మార్కెట్‌లో కూలిపని. ఎండిన పసుపు కుప్ప ముందు కూర్చుని తల్లి దుంపలు ఒక పక్కకు, పిల్ల కొమ్ములు ఒక పక్కకు ఏరి వేయాలి.

ఎనభై మూడులో ఎర్రన్న బస్రాలో కడుతున్న గోడ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కంపెనీ చేతులు దులుపుకుంది. అప్పటికే ఆ దేశం యుద్ధంలో ఉంది. ఒక్కగానొక్క కొడుకును ఆ యుద్ధంలోనే పోగొట్టుకున్న ఒక ముసలామె ఎర్రన్నను తన ఇంట్లో పండబెట్టి, కాలు నిలిచేదాకా రొట్టె పెట్టింది. కుంటుతూ తిరిగొచ్చిన ఎర్రన్న ఆమె పేరు 'ఉమ్మ సాలె' అని చెప్పాడు. ఉమ్మ అంటే అమ్మ అని ఎస్తేరమ్మ పోల్చుకుంది. మరి సాలె? ఆర్మూర్‌లో సాలె అంటే మగ్గం నేసేవాళ్ల కులం. ఇంకేం, బస్రాలో ఒక సాలోళ్లవ్వ వెలిసింది.

కొన్నేళ్లకు ఎర్రన్న జ్వరంతో పోయాడు. ఎస్తేరమ్మ మాత్రం ప్రతి ఆదివారం చర్చిలో గొంతెత్తేది: "ప్రభువా, బస్రల సాలోళ్లవ్వను సల్లగ జూడు. ఆమె దేశం మీద నిప్పులు పడనియ్యకు."

జనం నవ్వుకునేవారు. తొంభై ఒకటి మొదట్లో ఇరాక్ మీద బాంబులు పడ్డప్పుడు సంఘపెద్ద దేవిదాస్‌కు మాత్రం నవ్వు రాలేదు. అతనికి ఆ బాంబుల్లో ప్రవచనం కనిపించింది. వేల మైళ్ల అవతల ఇళ్లు కాలుతుంటే అందులో లేఖనాల నెరవేర్పు చూసి సంతోషించే భక్తి ఒకటి ఉంటుంది. దానికి వాన, ఎండ తగలవు.

"ఎస్తేరమ్మా, గా ఇరాకే బైబిల్ల చెప్పిన బబులోను. కూలాలెనని గ్రంథంలనే ఉన్నది. నువ్వు అడ్డంబడి దేవుని పని ఆపుతవా?"

"గా బబులోన్లనే నా పెనిమిటికి రొట్టె పెట్టినామె ఉన్నది. నిప్పు పెట్టేటప్పుడు దేవుడు ఆమె ఇల్లు తప్పిస్తడా? జర అడుగన్నా, నువ్వు ఆయనకు దగ్గరోడివి గద!"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దేవిదాస్ ముఖం కందింది.

"ముందుగాల గామె పేరన్న సక్కగ చెప్పు. బస్రల సాలోళ్లుంటరా? పేరే తప్పు చెప్తె దేవుడు ఎవలని ఎతుకుతడు? మల్లొక్కసారి నోరిప్పినవంటె నీకు గీడ చాప లేదు."

చర్చిలో కూర్చునే చాప పోతుందని ఆమెకు ఫికర్ లేదు. పేరు తప్పన్న మాట మాత్రం దిగబడింది. తప్పు పేరుతో ఇన్నేళ్లు మొక్కితే, ఆ మొక్కులన్నీ ఎవరికి పోయినట్టు?

మర్నాడు మార్కెట్‌లో హన్మండ్లును పట్టుకుంది. కువైట్ నుంచి యుద్ధానికి ముందు పారిపోయి వచ్చి హమాలీ చేస్తున్నాడు, నాలుగు అరబ్బీ ముక్కలు తెలిసినవాడు. విని పడీ పడీ నవ్వాడు.

"సాలోళ్లు కాదే అత్తా! సాలె అంటె గామె కొడుకు పేరు. గాడ తల్లిని పెద్ద కొడుకు పేరు మీదనే పిలుస్తరు. సాలె వాళ్లమ్మ అన్నట్టు."

ఎస్తేరమ్మ చేయి పసుపు కుప్ప మీద ఆగిపోయింది.

"కొడుకు సచ్చినంక గూడ గదే పేరా?"

"గదే. పేరు మారుస్తరా?"

"అంటె ఎవలు పిలిచినా కొడుకు యాదికొస్తనే ఉంటడు." ఒక పిల్ల కొమ్మును ఏరి పక్కకు వేస్తూ అడిగింది. "గసొంటి తల్లులు గా దేశంల ఎందరుంటరు రా?"

హన్మండ్లు నవ్వు ఆపి మూట ఎత్తుకున్నాడు.

ఆదివారం ఆమె నోరు విప్పకముందే చాప తీసేశారు. దేవిదాస్ మన దేశాన్ని దీవించమని ప్రార్థన ముగించబోతుండగా, గోడ పక్కన నిలబడి ఉన్న ఎస్తేరమ్మ అందుకుంది.

"ప్రభువా, ఇన్నేండ్లు ఆమెకు లేని కులం అంటగట్టిన. నా తెలివి గంతే, నీకు ఎరుకనే. సాలె వాళ్లమ్మను కాపాడు. గాడ కొడుకుల పేర్లు మోస్తున్న తల్లులందరిని కాపాడు. బాంబులేసేటోళ్ల చేతులు పడగొట్టు."

"ఎస్తేరమ్మా, కూసో!"

"చాప తీసేస్తిరి, యాడ కూసోవాలె? ఎవలన్న ఆమెన్ అనుండ్రి. అనకుంటె ఇంకో దేశం గూడ కలుపుత."

చివరికి ఆడవాళ్ల వరసలోంచి నీలవ్వ విసుక్కుంటూ లేచి, తన చాపలో సగం ఆమె వైపు జరిపింది.

"ఆమెన్ తియ్! పొయ్యి మీద కూరున్నది నాకు. ఇగ కూసో!"

"కూసుంట," అంది ఎస్తేరమ్మ. "వచ్చే ఆదివారం మల్ల నిలబడ్త."