బందరు బస్సు తప్పిపోయిన రోజు

కృత్తివెన్నులో ఏ ఆడకూతురికి నెల తప్పినా, మొగుడి కంటే ముందు జీవరత్నానికి తెలిసిపోయేది. ఎలాగని అడక్కండి. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, యాభై రెండేళ్ళ మనిషి, ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. కడుపు తీయించుకుంటానని ఎవరైనా నోరు జారితే చాలు, బైబిలు పట్టుకుని ఆ ఇంటి అరుగు మీద వాలిపోయేది.

ఆవిడ మాటకి లొంగినవాళ్ళూ తక్కువ తినలేదు. "కనమన్నావు, కన్నాం. రొయ్యల షెడ్డుకి వెళ్ళొచ్చేదాకా వీణ్ణి చూడు" అంటూ పిల్లల్ని తెచ్చి ఒళ్ళో పడేశారు. ఇప్పుడు పగలంతా ఆవిడింట్లో ముగ్గురు. ఒకడు పాకుతాడు, ఒకతె కరుస్తుంది, మూడోవాడు ఆవిడ కళ్ళజోడు మీద కూర్చుంటాడు. అయినా విసుక్కోదు. నీతులు చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, చెప్పి మోసేది ఈవిడొక్కతే. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ వేళ పక్కింటి రూతు వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది.

"పిన్నీ, నీకెలాగూ తెలిసిపోతుంది, నేనే చెప్పేస్తున్నా. రేపు బందరు ఆస్పత్రికి వెళ్తున్నాను. మూడోది నావల్ల కాదు."

జీవరత్నం బైబిలు వాక్యం ఎత్తుకోబోయింది. రూతు చెయ్యి అడ్డం పెట్టింది.

"వాక్యం నాకూ వచ్చు. దేవుడి సంగతి తర్వాత, నీ సంగతి చెప్పు. నీకెందుకింత పట్టుదల?"

జీవరత్నం పిల్లాడి కిందనుంచి కళ్ళజోడు లాక్కుని తుడుచుకుంటూ, ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మా అమ్మ నన్ను తీయించుకుందామనే ఒక్కతే బయల్దేరిందే. బందరు బస్సు తప్పిపోయింది. కోపం వచ్చినప్పుడల్లా అదే చెప్పేది. ఎవరు వెళ్తానన్నా నన్నే తీసేస్తున్నట్టుంటుంది నాకు."

అంత పెద్దమనిషీ బిక్కమొహం వేసింది. రూతుకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"మరి బస్సు తప్పిపోయాక అమ్మమ్మ ఏం చేసింది పిన్నీ?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న జీవరత్నానికి తట్టనే లేదు. ఆ కథలో ఎప్పుడూ తననే చూసుకుంది గానీ, రోడ్డు మీద నిలబడిపోయిన ఆడమనిషిని చూడలేదు. సిగ్గేసింది.

"తెలీదే. అడగలేదు" అంది. పాకేవాణ్ణి ఒళ్ళోకి లాక్కుని వీపు నిమిరింది.

"రేపు నేనూ వస్తాను. ఈ ముగ్గుర్నీ మీ ఆయన చూసుకుంటాడులే, తెలిసొస్తుంది. నీ మనసు మారితే కలిసి తిరిగొద్దాం. మారకపోతే అక్కడే నీ పక్కన కూర్చుంటాను. మా అమ్మతో ఆ రోజు ఎవరూ వెళ్ళలేదు."